లేహ్‌లో రెండో రాత్రి

ఢిల్లీలో తెల్లవారుజామున విమానం ఎక్కితే గంటా ఇరవై నిమిషాలకల్లా లేహ్‌లో దిగుతాం. ఢిల్లీ సముద్ర మట్టానికి 216 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్లు, ఊరు ఇంకాస్త పైన, 3,500 మీటర్ల దగ్గర. దిగినవాళ్ళకి ఆ పూట పెద్దగా ఏమీ తెలియదు. ఆకాశం నీలంగా మెరిసిపోతుంటుంది, ఒంట్లో హుషారుగా కూడా అనిపిస్తుంది. సామాను హోటల్లో పడేసి సాయంత్రానికే శాంతి స్తూపం మెట్లు ఎక్కేస్తారు. మర్నాడు పొద్దున్నే ఖర్దుంగ్ లా కనుమకి బండ్లు తీస్తారు. ఆ కనుమ బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది. సరిగ్గా కొలిస్తే తేలింది 5,359 మీటర్లు, అంటే పదిహేడున్నర వేల అడుగుల పైమాట. అక్కడ గాలి పీడనం మన ఊళ్ళలో ఉండేదాంట్లో ఇంచుమించు సగం.

ప్రమాదం సాధారణంగా మొదటి పూట రాదు. రెండో రాత్రో మూడో రాత్రో, పడుకున్నాక వస్తుంది.

నేను సైన్యంలో వైద్యుడిగా ఉన్న రోజుల్లో కొంతకాలం లద్దాఖ్‌లో పనిచేశాను. ఇప్పుడు అమలాపురంలో నా ప్రాక్టీసు. సముద్ర మట్టానికి కొద్ది అడుగులే పైన ఉన్న మా ఊరి నుంచి కూడా ఏటా జనం ఎక్కడెక్కడి ఎత్తులకో బయల్దేరుతున్నారు. "డాక్టరుగారూ, అమర్‌నాథ్ వెళ్తున్నాం, ఒక్కసారి బీపీ చూడండి" అంటారు. "మా వాడు స్నేహితులతో బైకు మీద లద్దాఖ్ వెళ్తాడట, గుండె పరీక్ష చేయించమంటారా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. బీపీ అడుగుతారు, షుగరు అడుగుతారు, గుండె సంగతి అడుగుతారు. ఊపిరితిత్తుల్లో ఉన్న రక్తనాళాల గురించి అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. కొండ మీద ఆరోగ్యవంతుణ్ణి కూడా ఒక్క రాత్రిలో పడగొట్టేవి ఆ నాళాలే. అందుకే ఈ వ్యాసం.

మన ఊపిరితిత్తుల్లో ముప్పై కోట్లకు పైగా గాలి గదులున్నాయి. ఒక్కో గదిని చుట్టి కేశనాళికల అల్లిక ఉంటుంది. గుండె కుడి భాగం నుంచి వచ్చే రక్తం, నిమిషానికి సుమారు ఐదు లీటర్లు, ఆ అల్లిక గుండానే సాగుతుంది. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ ఎంత పల్చనిదంటే, ఒక మిల్లీమీటరుని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి మూడో వంతు. అంత పల్చన కాబట్టే ఆక్సిజన్ ఇట్టే దాటుకుని రక్తంలోకి వస్తుంది. అంత పల్చటి గోడ చిరిగిపోకుండా ఉందంటే లోపలి ఒత్తిడి చాలా తక్కువ కాబట్టే. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ 120/80 ఉంటే, ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం పదిహేను దగ్గర ఉంటుంది.

ఈ నాళాలకి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఒంట్లో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయి, ఎక్కువ రక్తం తెచ్చుకోవడానికి. ఊపిరితిత్తుల్లోని చిన్న ధమనులు మాత్రం బిగుసుకుంటాయి. 1946లో స్టాక్‌హోమ్‌లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, యోరాన్ లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి బయటపెట్టారు. పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గించగానే ఊపిరితిత్తుల ధమనిలో పీడనం పెరిగింది. దీనికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. ధమని గోడలోని కండర కణాలే ఆక్సిజన్ తగ్గుదలను పసిగడతాయి. వాటి పొరలో పొటాషియం దారులు మూసుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, కండరం బిగుస్తుంది. అంతా క్షణాల్లో మొదలై నిమిషాల్లో పూర్తవుతుంది.

ఇది ఎందుకుందో మా డెల్టా రైతులకి చెప్పాలంటే నేను కాలువ మాటే ఎత్తుతాను. ఒక చేను పాడైపోయి నీళ్ళు పెట్టినా దండగే అనుకోండి. ఆ బోదె తూము దించేసి నీళ్ళని పక్క చేలకి మళ్ళిస్తాం. న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తిలో ఒక ముక్క గాలి ఆడకుండా పోతే, ఆ ముక్కకి వెళ్ళే ధమని అదే పని చేస్తుంది. రక్తాన్ని గాలి ఆడే భాగాలకి మళ్ళిస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు శిశువుకి ఊపిరితిత్తులతో పనిలేదు, ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. అప్పుడు ఈ ధమనులు బిగిసే ఉంటాయి. పుట్టి మొదటి ఊపిరి తీయగానే విచ్చుకుంటాయి. ఇంత చక్కటి ఏర్పాటు ఇంకొకటి లేదంటాను.

కానీ లేహ్‌లో ఏ గాలి గదిలో చూసినా ఆక్సిజన్ తక్కువే. అక్కడా గాలిలో ఆక్సిజన్ పాళ్ళు మన దగ్గర ఉన్నట్టే నూటికి ఇరవై ఒకటి. గాలి మొత్తమే పల్చబడి పీడనం మూడింట రెండు వంతులకు దిగుతుంది. దాంతో ఒక చేను తూము కాదు, తూములన్నీ ఒకేసారి దిగడం మొదలవుతుంది. పైనుంచి వచ్చే ప్రవాహం తగ్గదు. అసలు గుండె వేగం పెరిగి ఇంకా ఎక్కువే వస్తుంది. ఊపిరితిత్తుల ధమని పీడనం పెరుగుతుంది. చాలామంది ఈ పెరుగుదలను తట్టుకుంటారు. కొందరిలో తూములు సమానంగా దిగవు. కొన్నిచోట్ల గట్టిగా బిగుస్తాయి, కొన్నిచోట్ల వదులుగా ఉండిపోతాయి. వదులుగా ఉన్న చోటికి వరదంతా తోసుకొచ్చి గట్టు తెగుతుంది. స్టాన్‌ఫర్డ్ వైద్యుడు హెర్బర్ట్ హల్ట్‌గ్రెన్ చేసిన ఊహ ఇదే. తర్వాత కాలిఫోర్నియాలోనే జాన్ వెస్ట్ బృందం కుందేళ్ళ ఊపిరితిత్తుల్లో పీడనం పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కేశనాళికల గోడల్లో పగుళ్ళను చూపించింది. ఆ పగుళ్ళలోంచి నీరు, ప్రొటీన్లు, ఎర్రకణాలు గాలి గదుల్లోకి కారతాయి. మనిషి ఒడ్డునే ఉండి తన ఊపిరితిత్తుల నీటిలో తనే మునుగుతాడు. సైన్యంలో దీన్ని పొడి అక్షరాల్లో 'హేపో' అంటాం.

నాకు బాగా గుర్తున్న కుర్రాడు మార్కాపురం వైపు వాడు. అప్పటికే ఏడాది పాటు 14,000 అడుగుల దగ్గర పోస్టులో పనిచేశాడు, జలుబు కూడా చేయలేదు. రెండు నెలల సెలవులో ఊరికి వెళ్ళి విమానంలో తిరిగొచ్చాడు. కొత్తవాళ్ళలాగా విశ్రాంతి తీసుకోమంటే నవ్వి, వచ్చిన రోజే లారీలోంచి సామాన్లు దించాడు, సాయంత్రం వాలీబాల్ ఆడాడు. మర్నాడు పొడి దగ్గు. బ్యారక్‌లో వాళ్ళు ఢిల్లీ రైల్లో పట్టిన జలుబనుకున్నారు. అర్ధరాత్రి దాటాక పడుకోలేక లేచి కూర్చున్నాడు, బాత్రూము దాకా నడిచేసరికి రొప్పొచ్చింది. తెల్లవారకముందే స్ట్రెచర్ మీద తెచ్చారు.

పెదాలు, గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. వేలికి పెట్టిన యంత్రం ఆక్సిజన్ అరవై దగ్గర చూపిస్తోంది, మన ఊళ్ళో తొంభై ఐదు పైన ఉండాల్సింది. కుడి చంక కింద స్టెతస్కోపు పెడితే ఊపిరి తీసిన ప్రతిసారీ సన్నగా కరకరలు వినిపించాయి. చాలామందిలో హేపో అక్కడే, కుడి ఊపిరితిత్తి నడిమి భాగంలో మొదలవుతుంది. దగ్గితే గుడ్డ మీద గులాబీ రంగు నురుగు పడింది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు తగిలించి, తలవైపు ఎత్తుపెట్టి, కాళ్ళూ చేతులూ కదపొద్దన్నాం. కాసేపటికి పెదాల్లో రంగు తిరిగింది. "సార్, ఏడాది ఇక్కడే ఉన్నాను కదా, ఇప్పుడు నాకెందుకొచ్చింది?" అని మాస్కు తీసి అడిగాడు. ముందు మాస్కు పెట్టుకో నాయనా, తర్వాత చెబుతానన్నాను.

ఆ ప్రశ్నకి జవాబు ఉంది. ఎత్తు మీద నెలల తరబడి ఉంటే ఊపిరితిత్తుల చిన్న ధమనుల్లో కండర పొర మందమవుతుంది. సెలవుకి కిందికి వచ్చినా ఆ మందం వెంటనే పోదు. శరీరం మాత్రం ఎత్తుకు చేసుకున్న మిగతా సర్దుబాట్లను వారాల్లోనే వదిలేస్తుంది. తిరిగి ఎక్కగానే ఆ మందమైన కండరం మరింత గట్టిగా బిగుస్తుంది. వైద్యులు ఎక్కువగా చెప్పే కారణం ఇది. పెరూ దేశంలో అండీస్ గనుల పట్టణాల్లో ఉండేవాళ్ళు కూడా లిమా నగరానికి దిగివెళ్ళి ఇల్లు చేరిన రెండు మూడు రోజుల్లో ఇలాగే జబ్బుపడేవారు. అందుకే మన సైన్యంలో సెలవు నుంచి తిరిగొచ్చిన పాతకాపుకి కూడా కొత్తవాడికి ఉన్న నియమమే: 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, అక్కణ్ణుంచి 15,000 దాకా మరో నాలుగు రోజులు, ఆపైన ఇంకో నాలుగు. ఆరు రోజుల్లో మొదటి రెండూ పూర్తి విశ్రాంతి.

ఈ నియమం ఊరికే రాలేదు. ఈ జబ్బుని ప్రపంచం చాలాకాలం న్యుమోనియా అనే అనుకుంది. 1891లో మాఁబ్లాఁ శిఖరం కింద వాలో గుడిసెలో ఎతియెన్ జకొత్తే అనే యువ వైద్యుడు చనిపోతే, శవపరీక్షలో ఊపిరితిత్తుల నిండా నీరు కనబడింది. అయినా ఎవరూ దాన్ని ఎత్తుతో ముడిపెట్టి గట్టిగా చెప్పలేదు. 1960లో చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ వైద్యుడు, పర్వతారోహకుడు కూడా, మంచు మీద స్కీయింగ్ చేస్తూ జబ్బుపడ్డ యువకుడి వివరాలు ప్రచురించి, ఇది ఇన్ఫెక్షన్ కాదు, ఎత్తు వల్ల వచ్చిన నీరని రాశాడు. రెండేళ్ళకే 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. మైదానాల నుంచి మన సైనికులను అలవాటుపడే వ్యవధి లేకుండా హిమాలయాల మీదికి పంపాల్సి వచ్చింది. శత్రువు తూటా తగలకుండానే ఎందరో పడిపోయారు. ఆ తర్వాత సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు వందల కేసులను దగ్గరుండి చూసి 1965లో లాన్సెట్ పత్రికలో రాశారు. 1969లో ఎత్తు జబ్బు పడ్డ 1,925 మంది సైనికుల మీద మరో పెద్ద వ్యాసం వచ్చింది. ఈనాటికీ ఈ విషయం మీద ఏ దేశంలో ఎవరు రాసినా ఆ వ్యాసాలను తలుచుకోవాల్సిందే. మన జవాన్లు ప్రాణాలిచ్చి నేర్పిన వైద్యం ఇది. మన వైద్య విద్యార్థుల్లో చాలామందికి ఇందర్ సింగ్ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మరి అందరికీ ఎందుకు రాదు? పుట్టుకతోనే కొందరి ధమనులు ఎక్కువ బిగుస్తాయి. ఒకసారి హేపో వచ్చిన మనిషి అదే వేగంతో ఎక్కితే మళ్ళీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. 1991లో ప్రచురించిన ఒక ప్రయోగంలో స్విట్జర్లాండ్ వైద్యులు అలాంటి 21 మంది పర్వతారోహకులను ఇటలీ సరిహద్దులో 4,559 మీటర్ల ఎత్తున్న మార్గరీటా గుడిసెకి తీసుకెళ్ళారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్న 11 మందిలో ఏడుగురికి జబ్బు వచ్చింది. నిఫెడిపిన్ అనే బీపీ మందు వేసుకున్న పదిమందిలో ఒక్కరికే వచ్చింది. ఆ మందు చేసేదల్లా కండర కణంలోకి కాల్షియం వెళ్ళే దారిని మూయడం. ధమని బిగుసుకోకపోతే నీరు చేరదని దీంతో రుజువైంది. తర్వాత టాడలాఫిల్ కూడా అదే పని చేస్తుందని తేలింది. వేగంగా ఎక్కడం, చలి, శ్రమ, ఈ మూడూ ఆ బిగుతుని పెంచుతాయి. కండలు తిరిగిన కుర్రాడికి ఇందులో ఏ మినహాయింపూ లేదు. నిజానికి తన బలం మీద నమ్మకంతో ఎక్కువ శ్రమపడేది వాడే.

ఇప్పటిదాకా చెప్పింది రెండు మూడు రోజుల కథ. నెలల తరబడి అదే ఒత్తిడి మీద పంపు కొట్టే కుడి గుండె సంగతేమిటి? ఇది ముందు పశువుల్లో బయటపడింది. వందేళ్ళ కిందటే అమెరికాలో కొలరాడో కొండల మేతకి తోలిన ఆవుల్లో కొన్నిటికి గంగడోలు, రొమ్ము నీరుపట్టి ఉబ్బేవి. ఆవుల ఊపిరితిత్తుల ధమనుల్లో కండరం సహజంగానే మందం. ఎత్తులో అది విపరీతంగా బిగిసి, కుడి గుండె అలిసిపోయి, ఒంట్లో నీరు నిలుస్తుంది. కిందికి తోలుకొస్తే తగ్గిపోతుంది.

పెద్దవయసు మనుషుల్లో ఇలాంటిది ఉందని మన సియాచిన్ సైనికులే చూపించారు. 1984 ఏప్రిల్ నుంచి మన సైన్యం ఆ హిమానీనదం మీద కాపలా ఉంది. 1990లో వైద్య పరిశోధకుడు ఇందర్ ఆనంద్ బృందం 21 మంది జవాన్ల గురించి లాన్సెట్‌లో రాసింది. వాళ్ళు 5,800 నుంచి 6,700 మీటర్ల మధ్య వారాల తరబడి ఉండి, కాళ్ళూ పొట్టా ఉబ్బి, దగ్గుతో, ఆయాసంతో కిందికి వచ్చారు. కుడి గుండె పెద్దదై ఉంది. మైదానానికి తెచ్చాక వాళ్ళ గుండె మళ్ళీ మామూలు స్థితికి చేరింది. మందుల కన్నా గాలే వాళ్ళకి ఎక్కువ వైద్యం చేసింది.

అదే ఆనంద్ బృందం లద్దాఖ్‌లో జడలబర్రెల మీద కూడా పరీక్షలు చేసింది. వేల ఏళ్ళుగా ఎత్తులోనే ఉన్న జడలబర్రె ఊపిరితిత్తుల ధమని గోడ పల్చన. అది దాదాపు బిగుసుకోదు. జడలబర్రెకీ మామూలు ఆవుకీ పుట్టిన 'జో' అనే సంకరజాతిని లద్దాఖీలు దుక్కికి కట్టుకుంటారు. దానికీ తల్లిదండ్రుల్లో జడలబర్రె గుణమే వచ్చింది. లాసాలో పుట్టి పెరిగిన టిబెటన్లను పరీక్షిస్తే వాళ్ళ ఊపిరితిత్తుల ధమని పీడనం మైదానంలో మనకి ఉన్నంతే ఉంది. నేను లేహ్‌లో ఉండగా మా వార్డుకి నీళ్ళు మోసే లద్దాఖీ పెద్దాయన రెండు డబ్బాలతో గుట్ట ఎక్కి వచ్చి మాట్లాడుతూ నిలబడేవాడు. ఆయన వెనకాల ఒట్టి చేతులతో ఎక్కిన మేము గోడ పట్టుకుని నిలబడేవాళ్ళం. తేడా అంతా నాళాల్లో ఉంది.

ఎత్తే అక్కర్లేదు, చన్నీళ్ళు కూడా ఈ నాళాలను ముంచగలవు. చల్లటి నీటిలో దిగగానే కాళ్ళలోని రక్తం ఛాతీలోకి నెట్టబడుతుంది, చలికి చర్మంలోని నాళాలు మూసుకుంటాయి. గంటల తరబడి ఈదే నౌకాదళ శిక్షణార్థుల్లో, ట్రయథ్లాన్ పోటీదారుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి దగ్గులో రక్తం పడిన కేసులున్నాయి. ఒడ్డుకు తెచ్చి ఆరబెట్టి ఆక్సిజన్ ఇస్తే ఎక్కువమంది కోలుకుంటారు.

ఎత్తుకి వెళ్ళొద్దని నేను ఎవరికీ చెప్పను. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు మీద నిలబడింది. అప్పటి ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆ రోజే ఎక్కాడు. అంతకుముందే లద్దాఖ్‌లో శిక్షణ పొందారు, ఎవరెస్టు దగ్గర కూడా వారాల తరబడి పైకెక్కి కిందికి దిగుతూ ఒంటికి అలవాటు చేసుకున్నారు. ఎక్కడం గొప్పే, అలవాటుపడేందుకు ఆగడం కూడా అంతే గొప్ప. కైలాస యాత్రకి ప్రభుత్వం తరఫున వెళ్ళేవాళ్ళకి ఢిల్లీలో పరీక్షలు చేసి, దారిలో గుంజి అనే చోట సరిహద్దు దళం ఐటీబీపీ వైద్యులు మళ్ళీ చూసేది ఇందుకే. అక్కడ వెనక్కి పంపేస్తే కొందరు ఏడుస్తారు, దేవుడు రమ్మనలేదని కుమిలిపోతారు. అలా పంపినవాళ్ళు మీ ప్రాణం కాపాడినవాళ్ళు.

ఇక బయల్దేరేవాళ్ళకి నా మాట. విమానంలో లేహ్‌లో దిగితే మొదటి రెండు రోజులూ గదిలోనే ఉండండి. భోజనానికి నెమ్మదిగా నడవడం మించి ఏమీ వద్దు. టికెట్లు కొనేటప్పుడే ఆ రెండు రోజులూ లెక్కలో పెట్టండి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటుని రోజుకి 500 మీటర్ల కన్నా పెంచకండి, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగండి. మద్యం, నిద్రమాత్రలు రాత్రి ఊపిరిని ఇంకా తగ్గిస్తాయి, వాటి జోలికి పోకండి. డయామాక్స్ తలనొప్పీ వాంతుల మీద పనిచేసే మాత్ర, అది వేసుకున్నాం కదా అని పరుగెత్తకండి. కర్పూరం మూట ముక్కుకి చల్లగా తగులుతుంది తప్ప రక్తంలో ఆక్సిజన్ పెంచదు. ఆస్తమా అదుపులో లేనివాళ్ళు, ఊపిరితిత్తుల ధమని పీడనం ఎక్కువ ఉందని ఎకోలో తేలినవాళ్ళు, పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళు, ఇంతకుముందు ఒకసారి హేపో వచ్చినవాళ్ళు డాక్టరుకి చూపించుకోకుండా బయల్దేరకండి.

మీ బృందంలో ఎవరైనా అందరికన్నా వెనకబడిపోతుంటే, పొడి దగ్గు మొదలైతే, కూర్చుని ఉన్నా ఆయాసపడుతుంటే జలుబని సరిపెట్టుకోకండి. దగ్గు సిరప్ ఇచ్చి పొద్దున చూద్దామనకండి. లేహ్‌లో అయితే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ ఆక్సిజన్, పూర్తి విశ్రాంతితోనే ఎక్కువమంది కోలుకుంటారు. ఆసుపత్రి లేని చోట ఉంటే ఎంత రాత్రయినా కనీసం వెయ్యి మీటర్లు కిందికి దించండి. రోగిని నడిపించకండి, బండిలోనో గుర్రం మీదో మోసుకునో తీసుకెళ్ళండి. గాలి నింపి పీడనం పెంచే సంచీ దగ్గర్లో ఉంటే దిగేలోపు అందులో పడుకోబెట్టండి. లోపలున్న మనిషికి అది పదిహేను వందల మీటర్లకు పైగా కిందికి దిగినట్టే పనిచేస్తుంది, కానీ దిగడానికి బదులు కాదు. ప్యాంగాంగ్ సరస్సు, మానస సరోవరం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. ఆ రాత్రి మాత్రం మీవాణ్ణి కిందికి దించండి.